ఎవరికీ చెప్పరు కదా

నేను హార్బర్‌లో క్రేన్ ఆపరేటర్‌ని. పద్దెనిమిదేళ్లు ఎత్తున కేబిన్‌లో కూర్చుని ఓడల్లోంచి సరుకు దించాను. ఒక మధ్యాహ్నం గాలికి లోడు ఊగి, కింద నిలబడ్డ మనిషి పక్కకు దూకాడు. అతనికి చిన్న గీత కూడా పడలేదు. సాయంత్రం నాతో టీ తాగి నవ్వుకుంటూ ఇంటికెళ్లాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి క్రేన్ మెట్లెక్కితే చాలు, గుండె దడదడలాడి ఊపిరి అందేది కాదు. చేతులు మొద్దుబారేవి.

గుండె పరీక్షల్లో ఏమీ తేలలేదు. చూసిన డాక్టరే ఒక కౌన్సెలర్ అడ్రసు రాసిచ్చారు. ఆ చీటీని మూడు వారాలు జేబులోనే ఉంచుకున్నాను. పిచ్చోడని పేరు పడితే మళ్లీ క్రేన్ ఎక్కనివ్వరు. కంచరపాలెంలో మా వీధిలో ఒకరి సంగతి ఇంకొకరికి తెలియడానికి పూట పట్టదు. మత్తు మందులిస్తారనీ, కరెంటు పెడతారనీ ఎవరెవరో అన్న మాటలన్నీ గుర్తొచ్చేవి.

చొక్కా ఉతకబోతూ నా భార్య ఆ చీటీ చూసింది. తను మా మేనమామ కూతురు. నన్నేమీ అడగకుండా ఫోన్ చేసి శనివారానికి టైము తీసుకుంది.

"నాను బయటే కూకుంటాను బావా," అంది. "ఉండలేకపోతే లెగిసొచ్చీ. ఇంటికెల్లిపోదాం."

ఆ గది ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన ఉంది. తెలిసినవాళ్లు ఎదురైతే పన్ను నొప్పి అని చెప్పాలనుకుంటూ మెట్లెక్కాను. లోపల మంచం లేదు, మిషన్లు లేవు. రెండు కుర్చీలున్నాయి. కౌన్సెలరమ్మ నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని ఒకే గొంతుతో అడిగారు. చివరి ప్రశ్నకు లేదన్నాను. అది నిజమే.

"ఇక్కడ సెప్పింది మా కంపెనీకి సెప్పెత్తారా?" అని అడిగాను.

"చెప్పను. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే మాత్రం ఊరుకోలేను. అప్పుడైనా ముందు మీకే చెప్తాను."

ఇంకొకరి ప్రాణం అనగానే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. అంతకు ముందు వారమే, మనుషుల తలల మీద లోడు ఉండగా నా చేతులు బిగుసుకుపోయాయి. నిమిషం పాటు కదల్లేదు. కింద ఎవరూ గమనించలేదు. నా భార్యకి కూడా ఆ మాట చెప్పలేదు. లేచి తలుపు దాకా వెళ్లాను. కౌన్సెలరమ్మ ఆపలేదు. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కొచ్చి కూర్చుని, మొత్తం చెప్పేశాను.

ఆవిడ తిట్టలేదు, ఫోన్ తీయలేదు. సోమవారం క్రేన్ ఎక్కగలరా అని మాత్రం అడిగారు.

"ఎక్కలేనండి," అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

సూపర్‌వైజర్‌తో ఏం చెప్పాలో ఇద్దరం కలిసి అనుకున్నాం. సోమవారం నేనే వెళ్లి, అలాగే చెప్పాను. ఆయన డ్యూటీ లిస్టులో నా పేరు కొట్టేసి, నన్ను కింద నిలబడి క్రేన్‌కి సిగ్నల్ ఇచ్చే పనిలో వేశారు.

రెండో శనివారం మొదటిదానికన్నా ఎక్కువ భయమేసింది. ఏం అడుగుతారో ఈసారి తెలుసు. కొన్ని వారాలు ఇంకా బరువుగా ఉండొచ్చని ఆవిడ ముందే చెప్పారు. అలాంటి వారాలూ వచ్చాయి.

ఐదో నెలలో తోటి ఆపరేటర్ వెంట పైకెక్కి, లోడు లేకుండా, లివర్ల మీద చేతులు పెట్టి పది నిమిషాలు కూర్చున్నాను. మళ్లీ లోడు ఎప్పుడెత్తుతానో తెలియదు.