ఘాటు దిగని కళ్ళు

మా వైపు మిరపకాయల రోజుల్లో ఎవరు ఏడుస్తున్నారో కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. తొడిమలు తీసే ఆడవాళ్ళందరి కళ్ళూ ఒకేలా కారుతుంటాయి. కొత్త కోడలిగా ఉన్న ఆ రోజుల్లో ఈ సౌకర్యాన్ని నేను బాగా వాడుకున్నాను. అయిదో నెలలో కడుపు పోయిన ఏడుపంతా కాయల గుట్ట ముందు కూర్చుని, అందరి మధ్యా దర్జాగా ఏడ్చేశాను. (“పిల్ల పనిమంతురాలు, తల ఎత్తదు” అని మేస్త్రి మెచ్చుకున్నాడు కూడా.) చిక్కల్లా కాయలు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాక వచ్చింది. నా కళ్ళు మాత్రం ఆగలేదు. మా అత్త కంటి డాక్టరుకి చూపిస్తే, ఆయన లైటు వేసి చూసి, కళ్ళు బాగానే ఉన్నాయంటూ గుంటూరులో మనసు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నాడు.

“పిచ్చని తేలిందా, అట్నుంచటే ఒంగోలు బస్సెక్కించి మీ అమ్మకి అప్పజెప్పి వస్తా” అంది అత్త. దారంతా నేను తెలివైనదానిలా మొహం పెట్టడం సాధన చేశాను (కండక్టరు రెండుసార్లు “ఒంట్లో బాలేదామ్మా?” అని అడిగాడు).

డాక్టరమ్మ నన్నడిగిన ప్రతిదానికీ అత్తే జవాబు.

“నిద్ర పడుతోందామ్మా?”

“మొద్దునిద్రండీ.”

“ఆకలి?”

“ఎందుకుండదండీ, వండేది నేనైతే!”

“మరి ఏడుపెందుకు?”

“ఏడుపు కాదండీ, మిరప ఘాటు.”

డాక్టరమ్మ కలం పక్కన పెట్టి అత్త మొహంలోకి చూశారు. “మీ కళ్ళలోనూ నీళ్ళున్నాయే?”

“నాదీ ఘాటేనండీ.”

“ఎన్నాళ్ళనుంచి?”

“మా ఆయన పోయిన కాడ్నించీ” అనేసి, తన మాట తనే విని ఉలిక్కిపడింది అత్త. ఇక ఏడ్చింది చూడండి, నేను నా తెలివైన మొహం మర్చిపోయి ఆవిడ వీపు రాస్తూ కూర్చున్నాను. చెంగుతో ముక్కు తుడుచుకుని, “దీనికి కడుపు పోయిందండీ. ఎవరికీ చెప్పొద్దని నేనే నోరు నొక్కా” అంది. డాక్టరమ్మ ఒకరి తర్వాత ఒకరితో విడిగా మాట్లాడి, “పిచ్చేం కాదు, దిగులు. ఇద్దరూ మళ్ళీ రండి” అన్నారు. బస్టాండులో ఒంగోలు బస్సు మా ముందే కదిలింది. అత్త దాని వంక కూడా చూడకుండా నాకు నిమ్మసోడా ఇప్పించి, “ఎవరడిగినా కళ్ళ డాక్టరనే చెప్పవే” అంది.

మొన్న నిద్రపట్టడం లేదంటున్న మనవరాలిని మంగళగిరిలో అలాంటి డాక్టరు దగ్గరికే తీసుకెళ్ళాను. “ఏం లేదండీ, సెల్లు చూస్తుంది, అంతే” అని నాలుగో జవాబు కూడా నేనే చెప్పేసరికి, “అమ్మమ్మగారూ, కాసేపు బయట కూర్చుంటారా?” అన్నాడాయన. కూర్చున్నాను. అత్త గుర్తొచ్చింది. పక్కావిడ నా వంక చూసి, “ఏమైందండీ?” అంది.

“ఏం లేదమ్మా, ఘాటు” అన్నాను, ఆ ఏసీ హాల్లో.