కుడివైపు రాసిన మూడో మాట

కంప్యూటర్ సామాన్ల దుకాణంలో పదిహేడేళ్ళు నిలబడి అమ్మితే మనిషికి రెండు అంటుకుంటాయి. ఒకటి కాళ్ళ వాపు, రెండోది నాలుక చివరన అబద్ధం. మనం చెప్పుకోబోయే మనిషికి మొదటిది మాత్రమే వచ్చింది. రెండోది రాలేదని అతనికి కొంచెం కాదు, బోలెడు గర్వం ఉండేది.

కీబోర్డు కావచ్చు, స్పీకరు కావచ్చు, ఎవరు దేని గురించి అడిగినా అతను చొక్కా జేబులోంచి చిన్న కాగితం తీసి, మధ్యన నిలువుగా ఒక గీత గీసేవాడు. ఎడమవైపు మంచి, కుడివైపు చెడు. తను చేత్తో వాడి చూసింది తప్ప ఒక్క అక్షరం రాసేవాడు కాదు. అట్టపెట్టె మీద కంపెనీవాళ్ళు ఏమని డప్పు కొట్టుకున్నా సరే, అది అతని కాగితంలోకి ఎక్కేది కాదు. రాసి, చేతిలో పెట్టి, "చదువుకోండి. కొనుక్కుంటారో మానుకుంటారో ఆ తర్వాత మీ ఇష్టం" అనేవాడు. బజారంతా కలిసి అతనికి తక్కెడ అని పేరు పెట్టింది. వెక్కిరింతకి పెట్టిన పేరే, కానీ అతను దాన్ని బిరుదులా మోశాడు.

అలాంటివాడు తన చేత్తో తనే ఒక తద్దినం కొనితెచ్చుకున్నాడు. రెండేళ్ళ క్రితం, భార్య పోరు పడలేక, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న ఆమె తమ్ముణ్ణి ఓనరు దగ్గరికి తీసుకెళ్ళి, "మా బావమరిది సార్, బుద్ధిమంతుడు" అని చెప్పి అదే దుకాణంలో పెట్టించాడు.

బావమరిది బుద్ధిమంతుడో కాదో గాని, మాటకారి. గడప తొక్కినవాళ్ళతో అక్కడికక్కడే వరస కలిపేస్తాడు. పిన్నీ అంటాడు, అన్నా అంటాడు, తాతగారూ మీకు ఈ వయసులో ఇంత చూపా అంటాడు. పెట్టె మూత తీయకుండానే లోపలి వస్తువు జాతకం చెప్పేస్తాడు. నిజానికి అతను ఏ వస్తువునీ శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు, ఎందుకంటే ప్రతిదానికీ "బావా, ఒక చీటీ" అని చెయ్యి చాపేవాడు. ఆ చీటీని కొనేవాళ్ళ ముఖం ముందు ఆడిస్తూ, "మా బావ చూశాడంటే ఇంక తిరుగులేదండీ" అనేవాడు. వాళ్ళు సంతోషంగా కొనుక్కుని, బావమరిదికి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయేవారు.

మొదట్లో తక్కెడ దీన్ని ముద్దుగానే చూశాడు. రానురాను కన్ను కుట్టడం మొదలైంది. నాలుగు రోజులు కూర్చుని ఒక హెడ్‌ఫోన్ గుణదోషాలు తేల్చేది తను, నాలుగు నిమిషాల్లో మెప్పు కొట్టేసేది వాడు. ఇంట్లోనూ అదే వరస. ఆదివారం భోజనానికి వచ్చి బావమరిది దుకాణం కబుర్లు చెబుతుంటే భార్య కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేది. అదే దుకాణం, అదే జనం. పదిహేడేళ్ళలో అతను చెప్పిన కబురుకి ఆమె ఒక్కసారైనా అలా నవ్విందా? అతను ముద్ద నోట్లో పెట్టుకుంటూ లెక్క వేసేవాడు. గుర్తు రాలేదు.

"ఏవండీ, వింటున్నారా, వీడి మాటలు!" అనేది ఆమె.

"రోజూ వింటూనే ఉన్నాగా," అనేవాడు పుల్లవిరుపుగా.

ఇలా ఉండగా ఓనరు పైఅంతస్తు బాగు చేయించి, కంప్యూటర్ ఆటల సామానంతా అక్కడికి మారుస్తానని చెప్పాడు. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషికి తిరిగే కుర్చీ, సొంత బల్ల. ఊళ్ళో పెద్ద గేమింగ్ సెంటర్ నడిపే ఆవిడ ఇరవైనాలుగు మౌసులు తీసుకోవడానికి వస్తోందనీ, ఆ బేరం కుదిర్చినవాడికే పైఅంతస్తు అనీ తేల్చేశాడు. తక్కెడ మనసులో ఆ కుర్చీలో అప్పుడే కూర్చున్నాడు. ఎందుకు కూర్చోడు? ఆవిడ పదేళ్ళుగా తన దగ్గరే కొంటోంది.

ఆవిడ వచ్చింది. తక్కెడ ఎదురెళ్ళి, "రండి మేడమ్" అన్నాడు. ఆవిడ అతని భుజం మీదుగా లోపలికి చూసి, "మీ బావమరిది లేడా?" అంది.

తల కొట్టేసినట్టయింది.

బావమరిది ఎక్కడినుంచో ఊడిపడి, "అక్కా, మీకోసం ఒకటి దాచి ఉంచా" అంటూ నల్లటి వైర్‌లెస్ మౌసు ఒకటి బల్ల మీద పెట్టాడు. ఆటలకని చేసినదే, కానీ చవక రకం. బొటనవేలి దగ్గర రెండు బటన్లు. ఆవిడ సెంటర్లో ఆడేవాళ్ళు ఊపులో లాగిలాగి వైర్లు తెంపేస్తున్నారట, అందుకని వైరు లేనిదే కావాలట. ఖరీదైనవి అన్ని కొనే స్తోమత ఆవిడకి లేదు, నాసిరకం ఆడేవాళ్ళు ముట్టుకోరు. ఇది రెంటికీ మధ్య అతికినట్టు సరిపోయింది.

"బానే ఉంది బాబూ, చీటీ చూసి తీసుకుంటా," అంది ఆవిడ. అని తక్కెడ వైపు తిరక్కుండానే, "ఆయన రాసిస్తాడులే. మూడు రోజులాగి వస్తా," అని వెళ్ళిపోయింది.

ఆయన రాసిస్తాడులే! పదేళ్ళ పరిచయానికి చివరికి దక్కిన మర్యాద అది. అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది.

మూడు రోజులు ఆ మౌసుతోనే గడిపాడు. బల్ల మీద తిప్పాడు, గుడ్డ మీద తిప్పాడు, పాత పుస్తకం అట్ట మీద తిప్పాడు. బాణం గుర్తు ఎక్కడా తడబడలేదు. ఇంటికి తీసుకెళ్ళి తుపాకుల ఆట ఒకటి పెట్టుకుని, జీవితంలో మొదటిసారి రెండు గంటలు ఆడాడు. చెయ్యి నొప్పి పుట్టలేదు. భార్య వచ్చి, "తమ్ముడు ఏరినదేనా ఇది? వాడికి మంచి చూపే," అంది. అతను ఆటలో చచ్చిపోయాడు.

నాలుగోరోజు పొద్దున కాగితం తీసి గీత గీశాడు. ఎడమవైపు రాస్తూ పోతే చోటు చాలలేదు: వైరు గొడవ లేదు, తేలిక, ఒక్క బ్యాటరీతో నడుస్తుంది, చెప్పిన మాట వెంటనే వింటుంది, కంప్యూటరుకి గుచ్చే చిన్న ముక్క మౌసు పొట్టలోనే దాచుకోవచ్చు కాబట్టి పోదు, పక్క బటన్లు వేలికి అందుతాయి. కుడివైపు రెండే వచ్చాయి: ఎడమచేతివాటం వాళ్ళకి పనికిరాదు, వేగం మార్చే బటన్ చక్రానికి మరీ దగ్గర కాబట్టి ఆట మధ్యలో పొరపాటున నొక్కుకుంటుంది. రెండూ నిజమే. రెండూ కలిసినా ఆ బేరాన్ని ఆపలేవు.

అతను కుడివైపు ఖాళీని చూస్తూ కూర్చున్నాడు. మౌసు చక్రం మీద వేలు పెట్టి తిప్పాడు. గంటసేపు తిప్పాడు. ఎక్కడైనా జారుతుందేమో, ఒక్క పన్నైనా వదులవుతుందేమో అని ఆశగా తిప్పాడు. అది కొత్తపెళ్ళికొడుకులా బిగుసుకునే ఉంది. అప్పుడు కలం తీసుకుని రాశాడు: చక్రం రెండు నెలల్లో వదులైపోతుంది.

పదిహేడేళ్ళలో అదే మొదటి అబద్ధం. ఎందుకు రాశాడంటే అసూయ. దానికి ఇంకో మంచి పేరు అతనూ వెతుక్కోలేదు, మనమూ వెతకక్కర్లేదు.

ఆవిడ చీటీ చదివింది. "అమ్మో, రెండు నెలలకేనా? నా దగ్గర ఆడేవాళ్ళు మనుషులు కారు," అని పెదవి విరిచింది. తక్కెడ వైరున్న రకమే ఒకటి, దిట్టమైనది చూపించాడు. తెగిపోయే వైర్లకి భయపడి వచ్చిన మనిషి ఇరవైనాలుగు వైర్లు మోసుకుని వెళ్ళింది. ఓనరు బావమరిదితో, "చూశావా, వస్తువు చూడటమంటే అదీ. మీ బావ దగ్గర నేర్చుకో," అన్నాడు. బావమరిది ముఖం చిన్నబోయింది, కానీ ఒక్క నిమిషమే. "నువ్వు చూడకపోతే నా పరువు పోయేది బావా," అని చెయ్యి పట్టుకుని ఊపాడు.

తక్కెడ పైఅంతస్తు ఎక్కాడు. తిరిగే కుర్చీలో కూర్చుని ఒక చుట్టు తిరిగాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చెబితే భార్య, "పోన్లెండి, మీ కాళ్ళకి సుఖం" అంది. కాసేపాగి, "తమ్ముడేమైనా బాధపడ్డాడా?" అని అడిగింది. అతను చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

అంతటితో ఆగితే బాగుండేది. కానీ మెట్ల పక్కనే అతని బల్ల. కింద మాట్లాడే ప్రతి మాటా పైకి వినబడుతుంది. ఆ నల్ల మౌసు ఎవరు అడిగినా బావమరిది గొంతు తగ్గించి, ఇంట్లో మనిషికి చెప్పినట్టు, "వద్దు పిన్నీ. దీని చక్రం రెండు నెలల్లో ఊగిపోతుంది. మా బావ చూసి చెప్పాడు," అనేవాడు. వేలితో గాలిలో ఊగే చక్రాన్ని చూపించేవాడు కూడా. ఎంత చక్కగా చెప్పేవాడంటే, వినేవాళ్ళకి ఆ చక్రం ఊగడం కళ్ళకి కట్టేది. ఒక్కరూ కొనలేదు. తక్కెడకి అక్కడా కడుపు మండింది. తను పుట్టించిన అబద్ధాన్ని కూడా తనకంటే వాడే బాగా అమ్ముతున్నాడు!

మూడు వారాలకి ఒక మధ్యాహ్నం, ఇళ్ళకి ప్లాన్లు గీసే ఒకాయన వచ్చాడు. సంచిలోంచి అదే నల్ల మౌసు తీసి, "ఇలాంటిదే ఇంకోటివ్వు. మా ఆఫీసులో కుర్రది కూడా కావాలంటోంది," అన్నాడు.

"వద్దండీ, చక్రం వదులైపోతుంది," అన్నాడు బావమరిది.

"ఎవరన్నారు? ఏడాదిగా రోజంతా దీంతోనే గీస్తున్నా. నువ్వే తిప్పి చూడు."

తక్కెడ కుర్చీలోంచి లేచి మెట్ల దగ్గరికి వచ్చాడు. బావమరిది ఆ మౌసు వైపు కనీసం చెయ్యి చాపలేదు.

"ఎందుకండీ తిప్పడం? మీకు ఒకటి గట్టిది దొరికింది, అంతే. మా బావ ఊరికే రాయడు."

ఆయన భుజాలెగరేసి ఇంకో దుకాణానికి వెళ్ళిపోయాడు. తక్కెడ మెట్లు దిగి, బావమరిదిని వెనక ఖాళీ పెట్టెల గదిలోకి తీసుకెళ్ళాడు.

"ఒరేయ్, ఆ చక్రం వదులవదు. నేను అబద్ధం రాశాను."

బావమరిది నవ్వాడు. "నువ్వా? భోజనం చేశావా బావా, లేదా?"

"నిజంగా రా. గంటసేపు తిప్పాను. ఏమీ కాలేదు. అయినా రాశాను."

"మరెందుకు రాశావ్?"

"నీ మీద కుళ్ళు."

బావమరిది ఒక అడుగు వెనక్కి వేసి ఖాళీ పెట్టెలకి ఆనుకున్నాడు.

"నా మీదా?" అన్నాడు. "నీ చీటీలు పట్టుకుని తిరగడం తప్ప నేనేం చేశాను బావా?"

తక్కెడ చెప్పబోయాడు. ఆవిడ నిన్ను అడిగిందనీ, మీ అక్క నీ మాటలకే నవ్వుతుందనీ. నోటిదాకా వచ్చాక ఆ మాటలు చిన్నపిల్లల తగువులా వినిపించి, మింగేశాడు.

"ఎంతమందికి చెప్పానో," అన్నాడు బావమరిది, తనలో తను. "వాళ్ళనిప్పుడు ఎక్కడని వెతకను?" అని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అక్కకి మాత్రం చెప్పకు."

తక్కెడ ఓనరుకి కూడా చెప్పాడు. గేమింగ్ సెంటర్ ఆవిడకి ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడ వచ్చి నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. వైర్ల మౌసులు వెనక్కిచ్చేసి, నల్లవి ఇరవైనాలుగూ బావమరిది చేతినుంచి తీసుకుని వెళ్ళింది. ఓనరు పైఅంతస్తు బావమరిదికిచ్చి, తక్కెడని మళ్ళీ కింద బల్ల దగ్గర నిలబెట్టాడు. నిజం చెప్పేశాక కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది? పైన కుర్చీ తిరిగిన చప్పుడైతే ఇప్పటికీ అతని ప్రాణం చివుక్కుమంటుంది.

చీటీలు మాత్రం ఆగలేదు. కొనేవాళ్ళకి జరిగిందంతా తెలియదు, తెలిసినవాళ్ళు నాలుగు రోజుల్లో మర్చిపోయారు. వారం తర్వాత ఒకామె ఆటల కీబోర్డు అడిగితే బావమరిది మెట్లు దిగి వచ్చి, "చీటీ" అన్నాడు. బావా అనలేదు. తక్కెడ రెండు రోజులు కష్టపడి చూసిన కీబోర్డే అది. గీత గీసి, ఎడమవైపు అయిదు, కుడివైపు మూడు రాసి ఇచ్చాడు. అన్నీ నిజాలే.

బావమరిది ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ముఖం ముందు ఆడించలేదు. దాన్ని బల్ల మీద పెట్టి, పెట్టె మూత విప్పి, కీబోర్డు బయటికి తీశాడు. "ఒక్క నిమిషం అక్కా" అని ఆమెకి చెప్పి, మొదటి వరసలో మొదటి బటన్ నొక్కి చూశాడు. తర్వాత రెండోది నొక్కాడు. తక్కెడ పక్కనే చేతులు కట్టుకుని, వాడు అన్నీ నొక్కి చూడటం అయ్యేదాకా నిలబడ్డాడు.