లిండెన్ చెట్టు పక్కన గుప్పెడు ఉప్పు

మా వీధిలో మంచు కురిస్తే సంతోషించే మనిషి హిల్ట్రూడ్ మెస్కర్ ఒక్కతే. మిగతావాళ్ళం కిటికీ తెర పక్కకు లాగి చూసి, ఉసూరుమంటూ బూట్లు వెతుక్కునేవాళ్ళం. ఆమె మాత్రం అప్పటికే ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని, పార పట్టుకుని గుమ్మం ముందు నిలబడి ఉండేది.

బెర్లిన్‌లో మాది పాతకాలపు అయిదంతస్తుల ఇల్లు. మెట్లు కడగడం, కుళాయిలు బాగుచేయడం, చలికాలంలో కాలిబాట శుభ్రం చేయడం అన్నీ హిల్ట్రూడ్ పనే. కింది అంతస్తులో నా పక్క వాటాలో ఉండేది. వయసులో ఉన్నప్పుడు పెళ్ళి చేసుకుని రెండేళ్ళకే విడిపోయింది. కారణమేమిటని ఎవరైనా అడిగితే, "గురక" అని ఒక్క మాట అని ఊరుకునేది.

మా ఊళ్ళో ఎవరి ఇంటి ముందు కాలిబాట వాళ్ళే చూసుకోవాలి. మంచు పారతో ఎత్తి, జనం జారకుండా ఇసుకో సన్న కంకరో చల్లాలి. ఉప్పు చల్లితే మాత్రం జరిమానా. ఉప్పునీళ్ళు మట్టిలోకి దిగితే చెట్ల వేళ్ళు దెబ్బతింటాయి, కుక్కల పాదాలు మండుతాయి. మా గుమ్మం ముందు పెద్ద లిండెన్ చెట్టు ఉంది. దాని మీద ఈగ వాలితే హిల్ట్రూడ్ ఊరుకునేది కాదు.

పై అంతస్తు డ్రెఫ్కె గారికి మాత్రం ఈ నియమం అంటే ఒళ్ళు మంట. తుంటి ఎముక ఆపరేషన్ అయిన మనిషి.

"చెట్టు బతకాలా, నేను బతకాలా? తేల్చి చెప్పండి!" అని మెట్ల మీద నిలబడి అరిచేవాడు.

"ఇద్దరూ బతకండి. మీరు కాస్త నెమ్మదిగా నడవండి, చాలు" అనేది హిల్ట్రూడ్.

ఒక జనవరి ఉదయం ఆయన ఎవరూ చూడకుండా వంటింటి ఉప్పు తెచ్చి గుమ్మం ముందు కుమ్మరించాడు. ఆరోజే వార్డు ఆఫీసు నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు. పేరు ఓర్ట్విన్ బాయ్మ్లర్. పొడుగాటి మనిషి, మీసం మీద మంచు పేరుకుని ఉంది. వంగి, నేల మీద నుంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు.

"వంటుప్పు. అయోడిన్ కలిపిన రకం" అన్నాడు గంభీరంగా.

హిల్ట్రూడ్‌కు నవ్వాగలేదు. "చల్లింది నేను కాదండీ. ఎవరో తెలుసు గానీ చెప్పను."

"చెప్పొద్దులెండి. ఊడ్చేయండి. రేపొచ్చి చూస్తాను."

అన్నట్టుగానే మర్నాడు వచ్చాడు. ఆ తర్వాత నేల గడ్డకట్టినప్పుడల్లా వచ్చేవాడు. ఆమె ఫ్లాస్కులో టీ తెచ్చేది. ఇద్దరూ చెట్టు కింద నిలబడి తాగేవారు. ఏ వీధిలో ఎన్ని చెట్లు ఎండిపోయాయో ఆయన చెప్పేవాడు, ఆమె వింటూ పారతో ఊరికే నేల గీకుతూ ఉండేది. అలా కొన్ని చలికాలాలు గడిచాయి. ఇద్దరూ 'మీరు' దాటి 'నువ్వు'లోకి రాలేదు.

"లోపలికి పిలవకూడదూ? కాళ్ళు కొయ్యబారిపోతున్నాయి పాపం" అన్నాను ఒకసారి.

"డ్యూటీలో ఉన్న మనిషిని ఎలా పిలుస్తానే?"

"డ్యూటీ లేనప్పుడు పిలువు."

"డ్యూటీ లేకపోతే ఆయన ఇటెందుకొస్తాడు?"



ఆ తర్వాతి ఏడాది చలి ముందుగానే వచ్చింది. రోజుల తరబడి నేల గాజుపలకలా మెరిసింది. బాయ్మ్లర్ రాలేదు. హిల్ట్రూడ్ కాలిబాటను ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంచింది. ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, చల్లారిన టీ తనే తాగి లోపలికి వెళ్ళేది. వీధి మలుపులో పొడుగాటి మనిషి ఎవరు కనిపించినా పార ఆగిపోయేది.

ఒకనాడు పొద్దున నేను తలుపు తీసేసరికి ఆమె చెట్టుకు అడుగు దూరంలో గుప్పెడు ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి కూడా దాచలేదు. గుప్పిట విప్పింది. తర్వాత లోపలికి వెళ్ళి, గొంతు మార్చి, ఫలానా ఇంటి ముందు ఉప్పు చల్లారని వార్డు ఆఫీసుకు తనే ఫోన్ చేసింది.

మధ్యాహ్నానికి తనిఖీకి వచ్చారు. వచ్చింది ఓ చిన్న వయసు అమ్మాయి.

"బాయ్మ్లర్ గారు రాలేదా?" అని అడిగింది హిల్ట్రూడ్.

"ఆయన ఆగస్టులోనే రిటైరయ్యారు కదండీ. ఇప్పుడు వార్నెమ్యూండెలో ఉంటున్నారు, సముద్రం ఒడ్డున. ఇంతకీ ఈ ఉప్పు ఎవరు చల్లారు?"

"నేనే."

పై నుంచి కిటికీ తెరుచుకుంది. "మెస్కర్ గారూ! మీరా? నన్ను ఎన్ని మాటలన్నారండీ!" డ్రెఫ్కె గారి గొంతులో పండగ. హిల్ట్రూడ్ తలెత్తి చూడలేదు. జరిమానా కట్టింది.

"పోయిన చలికాలం చివర్లో వెళ్తూ, 'మళ్ళీ గడ్డకట్టినప్పుడు కలుద్దాం' అన్నాడు. అప్పటికి తెలిసే ఉంటుందిగా, ఇక రానని?" అని అడిగింది నన్ను, ఆ సాయంత్రం.

మంచు కరిగాక ఆమె రోజూ చెట్టు మొదట్లో బకెట్లతో నీళ్ళు పోసింది. మట్టిలో ఉప్పు కిందికి కడుక్కుపోవాలని. నేనూ రెండు మూడుసార్లు సాయం పట్టాను. జూన్‌లో రోడ్డు వైపు కొమ్మకు కొన్ని ఆకులు అంచుల్లో మాడినట్టయ్యాయి గానీ, మిగతా చెట్టంతా పూసింది. వీధంతా తేనె వాసన.

జులైలో ఒకరోజు మంచి గౌను వేసుకుని రైలెక్కి వార్నెమ్యూండె వెళ్ళింది. రాత్రికి తిరిగొచ్చింది. ముక్కు ఎండకు కందిపోయి ఉంది.

"కనిపించాడా?"

"లేదు. ఒడ్డు పొడుగునా నడిచాను, ఈ కొస నుంచి ఆ కొసకి. చేప పెట్టిన రొట్టె తిన్నాను. బెంచీ మీద కూర్చున్నాను."

"ఎవర్నైనా అడగాల్సింది. చిన్న ఊరేగా."

"అడిగితే చెబుతారే. పెళ్ళాం ఉందంటారు, లేకపోతే మనిషే లేడంటారు. ఆ మాట పట్టుకుని రైల్లో ఎలా వచ్చేదాన్ని?"

చెప్పులు విప్పి, వాటిలోని ఇసుక నా గుమ్మంలోనే దులిపింది. తర్వాత అంది: "అక్కడ చలికాలంలో గాలి విపరీతమట. మంచు మాత్రం పెద్దగా పడదట. ఈసారి డిసెంబరులో వెళ్ళి చూస్తాను, నిజమో కాదో."