‘తెలీదు’ అని రాయమన్న లైబ్రరీ మేడం

మా లైబ్రరీ మేడం పోయిన కబురు నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. తమిళనాడు ధర్మపురి బస్టాండులో అరూరు బస్సు కోసం నిలబడి ఉంటే, మేము పనిచేసిన కాలేజీలో ఒకప్పుడు అటెండరుగా ఉన్న పెద్దాయన నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు.

“నీకు తెలీదా పాపా? మేడం తవరిపోయినారు. కాలేజీ నుంచి ఎవురూ పోలేదు. నాకే దినాలు అయినంక తెలిసింది,” అన్నాడు.

బస్సు వచ్చింది. నేను ఎక్కలేదు. ఆయన టీ తాగుతావా అని అడిగాడు.

ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయరు. రాయడానికి ఆమె రచయిత్రి కాదు, పేరున్న పండితురాలూ కాదు. ఒక ప్రైవేటు కాలేజీలో లైబ్రేరియన్. పాలక్కోడు వైపు సేద్యం చేసుకునే తెలుగు కుటుంబంలో పుట్టారు. పెళ్లి చేసుకోలేదు. ధర్మపురిలో చెల్లెలి ఇంట్లో ఉండేవారు. మా తెలుగిళ్లలో మాట మిగిలింది గానీ అక్షరం మిగల్లేదు. బడిలో తమిళం, సంతలో తమిళం, వాకిలి దాటి లోపలికి వస్తే తెలుగు. ఆమెకు మాత్రం వాళ్ల తాత ఇసకలో తెలుగు అక్షరాలు దిద్దించాడట. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆమె దగ్గర టైపిస్టుగా చేరేటప్పటికి తెలుగులో నా పేరు రాయడం కూడా నాకు రాదు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడిగాక రోజూ ఓ అరగంట ఆమె నేర్పిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

మా పని ఏరియూరు రైతు ఒకాయన వల్ల మొదలైంది. పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీద తాటాకు కట్ట ఒకటి దొరికిందని, పాత పంచెలో చుట్టి, బస్సులో దారి పొడుగునా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

“మా తాత కాలం నాటి ఓలకట్ట మేడం. మా ఇంట్లో చదివేవాళ్లు లేరు. ఎలకలు కొరికేస్తాయని తెచ్చినాను. మీ దగ్గర పెట్టుకోండి. ఎప్పుడన్నా ఎవురన్నా చదివితే, అందులో ఏముండాదో నాకొక మాట చెప్తే చాలు,” అన్నాడు.

లైబ్రరీ రిజిస్టరులో ఉన్న గళ్లు పుస్తకం పేరు, రాసినవారి పేరు, అచ్చువేసినవారి పేరు, వెల. ఆ కట్టకు ఇవేవీ లేవు. “పాత ఆకులు, ఒకటి అని రాసి బీరువాలో పెట్టండమ్మా,” అన్నారు ప్రిన్సిపాల్. మేడం ఆ రోజు రిజిస్టరులో ఏమీ రాయలేదు. పట్నంలో ఉన్న ఒక పెద్ద గ్రంథాలయానికి ఉత్తరం రాసి, రాతప్రతుల వివరాలు ఎలా నమోదు చేస్తారని అడిగారు. వాళ్లు ఫారం పంపారు. దాన్ని ఆమె రెండు రోజులు చదివారు.

ఆ ఫారం ఒక కట్టలో ఒక గ్రంథం ఉంటుందనీ, దానికి ఒక కర్త, ఒక కాలం ఉంటాయనీ అనుకుని తయారుచేసింది. ఏరియూరు కట్ట విప్పితే మొదట ఆవుల రోగాలకు మందులు. తర్వాత పొలం గట్టురాళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వివరం. తర్వాత సగం పాట, ఎవరిదో జాతకం. నలుగురి చేతిరాతలు. తెలుగు అక్షరాల్లో తమిళ మాటలు. ఒక ఆకు మీద తమిళ అక్షరాల్లో మన ఇంటి తెలుగు.

“ఈ ఫారం తప్పని చెప్పను పాపా. దీన్ని చేసినోళ్లు మన ఇండ్లు చూసుండరు,” అన్నారు మేడం. ఆ సాయంత్రం గీతల్లేని నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చి, మా జిల్లా ఇళ్లలో దొరికే కట్టలకూ పాత కాగితాలకూ వివరాలు ఎలా రాయాలో నియమాలు రాయడం మొదలుపెట్టారు.

అవి కూర్చుని ఆలోచించి రాసినవి కావు. ఒక్కో నియమం ఒక్కో ఇంటి నుంచి వచ్చింది. ఒక ఇంట్లో ఆడవాళ్లు ఒక కట్టను ‘కోపం కట్ట’ అనేవారు. దాని కోసం అన్నదమ్ములు కొట్లాడుకుని మాటలు మానేశారట. లోపల చూస్తే అది పురాణంలో ఒక భాగం. ఒక్కో కట్టకు మేము రాసే కార్డు మీద పురాణం పేరే పైన ఉండాలని నేను వాదించాను.

“లోపలుండేది రెండో వరసలో రాయి. రేపు దీన్ని వెతుక్కుంటా వచ్చేది ఆ ఇంటి పిల్లే గదా. ఆ పిల్లకు తెలిసిన పేరు ముందుండాల,” అన్నారు. ఇంటివాళ్లు పిలిచే పేరే మొదటి పేరు అన్నది అలా మొదటి నియమం అయింది.

ఇంకో నియమం నా తప్పు వల్ల వచ్చింది. ఆమె సెలవులో ఉన్నప్పుడు ఒక కట్టలో ఆకులు వరస తప్పి ఉన్నాయని నేను అంకెల ప్రకారం సర్దేశాను. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆమె వచ్చి చూశారు. మధ్యాహ్నమంతా ఆకుల మీద మసి గుర్తులు, పురుగు చిల్లులు ఒకదానితో ఒకటి సరిచూస్తూ పాత వరస పట్టుకోవాలని చూశారు. కుదరలేదు.

“ఎవురో కావాలనే అట్ల పెట్టుకునుంటారు. ఎందుకని ఇంక మనకు తెలీదు,” అని మాత్రం అన్నారు.

కార్డు మీద ‘ఆకుల వరస మేము మార్చినాము, ముందు ఎట్లుండెనో తెలీదు’ అని రాశారు. నా పేరు రాయలేదు. ‘మేము’ అని రాశారు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

‘తెలీదు’ అనే మాటకు ఆమె ఎప్పుడూ సిగ్గుపడలేదు. తెలీదంటే తెలీదని రాయి, ఊహించి రాసేది మన పని కాదు అని వారంలో ఒకసారైనా అనేవారు. తీర్థమలైలో యాత్రికులకు పూజ సామాన్లు అమ్మే ఒక ఇంటికి కట్ట చూడటానికి వెళ్లాం. పూజగదిలో పసుపు పూసిన గుడ్డలో ఉందది. ఆ ఇంటి ముసలామె దాన్ని ముట్టనివ్వలేదు.

“అది మాకు సామి. సామిని విప్పి చూస్తారా?” అంది.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిన్నె మీద కూర్చున్నాం. చివరికి మేడం లేచి దండం పెట్టి, ఆ గుడ్డ రంగు, అది ఉన్న మూల, ముసలామె చెప్పిన రెండు మాటలు రాసుకుని, కింద ‘విప్పలేదు, ఇంటివాళ్లు వద్దన్నారు’ అని రాశారు. బస్సులో నేను విసుక్కుంటే, “వద్దన్నారనేది గూడా వివరమే పాపా,” అన్నారు.

బీరువాలో కట్టలు పెరిగాయి. మేడం ఏరియూరు రైతుకు కబురు పెట్టి పిలిపించి, ఆయన కట్ట మొత్తం చదివి వినిపించారు. ఆవుల మందు దగ్గర ఆయన నవ్వేశాడు. “మా అవ్వ ఇదే చేస్తా ఉండె మేడం. వేప చెక్క ఇంకొంచెం ఎక్కువ వేసేది,” అన్నాడు. అది కూడా కార్డు మీదికి ఎక్కింది. ఇన్నేళ్ల పనిలో మాకు పండగలాంటి రోజు అదొక్కటే.

తర్వాత పట్నం నుంచి ఒక అధికారి వచ్చారు. వయసులో చిన్నవారు, మర్యాదస్థులు. పాత రాతప్రతులను ఫొటోలు తీయించి భద్రపరిచే పని మీద తిరుగుతున్నారు. మా కార్డులన్నీ ఓపికగా చూశారు. చూసి తమిళంలో అన్నారు:

“మేడం, సగం కార్డుల్లో కాలం తెలియదు, కర్త తెలియదు అని ఉంది. ఆ గడులు నిండకపోతే మా కంప్యూటరు తీసుకోదు. ఏదో ఒక శతాబ్దం వేయండి. ఒక పేరు వేయండి. వచ్చే నెలలోనే అన్నీ తీసుకుపోతాను.”

“సుమారుగా అని రాయవచ్చా సార్?”

“ఆ మాటకు అందులో చోటు లేదమ్మా.”

మేడం ఒక వారం గడువు అడిగారు. ఆ వారమంతా నేను ఆమెను బతిమాలాను. మనకు పోయేదేముంది, ఒక అంకె వేస్తే కట్టలన్నీ బతుకుతాయి అన్నాను. ఆమె తల వంచుకుని పెన్సిలు చెక్కుతూ విన్నారు.

“ఎవురో ఒకరు ఆ అంకె నమ్ముతారు పాపా. నమ్మి ఇంకొక చోట రాస్తారు. మనం పోయి దాన్ని చెరపగలమా?” అన్నారు.

వారం తర్వాత కార్డులకు నకళ్లు తీసి, ఉన్నవి ఉన్నట్టే పంపారు. అటునుంచి జవాబు రాలేదు. మరుసటి ఏడాది కాలేజీ వాళ్లకు కంప్యూటర్లు పెట్టడానికి గది కావలసి వచ్చింది. మేడం రిటైరు కావడానికి మూడు నెలల ముందు, పుస్తకాలు కాని వస్తువులన్నీ ఎవరివి వాళ్లకు ఇచ్చేయమని కాగితం వచ్చింది.

ఆదివారాలు మేమిద్దరం గుడ్డసంచుల్లో కట్టలు పెట్టుకుని టౌను బస్సుల్లో తిరిగాం. కొన్ని ఇళ్లకు తాళాలు. కొందరు బెంగళూరు వెళ్లిపోయారు, వాళ్ల కట్టలు ఊళ్లో ఉన్న చుట్టాల చేతికిచ్చాం. ఒక ఇంటి కోడలు మా ఎదుటే కట్ట తీసుకెళ్లి కట్టెల మీద పెట్టి, చేతులు దులుపుకుని కాఫీ ఇచ్చింది. మేడం ఆ కాఫీ తాగారు. తాగకపోతే ఆ అమ్మాయి బాధపడుతుందని.

ఏరియూరు వెళ్లేటప్పటికి ఆ రైతు పోయి అయిదారు నెలలైంది. కొడుకు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆ కట్టను ఆడి నెల పద్దెనిమిదో నాటి కావేరి పండక్కి హొగేనక్కల్‌లో కావేరిలో వదిలేస్తామన్నాడు.

“నా దగ్గర పెట్టుకుంటాను నాయనా. మీకు కావాలన్నప్పుడు ఇస్తాను,” అన్నారు మేడం.

“అది మా అప్పది మేడం. నీళ్లలో వదిలితే ఆయనకు మంచిది. ఇంకొకరింట్లో ఉంటే మాకు దోషమంటారు.”

“అందులో మీ పొలం గట్టురాళ్లు ఎక్కడుండేదీ రాసుండాది.”

“ఆ పొలం అమ్మేసినాం మేడం,” అన్నాడు అతను. కోపంగా కాదు, చాలా మెల్లగా.

ఆ పండగ రోజు మేమూ హొగేనక్కల్ వెళ్లాం. బండల మీద ఇసక వేస్తే రాలనంత జనం. చేపలు వేయించే పొగ కళ్లలో పడుతోంది. అతను పరిసలు అనే గుండ్రటి పుట్టిలో కొంత దూరం పోయి కట్టను నీళ్లలో పెట్టాడు. తాటాకు వెంటనే మునగదు. పసుపు నీళ్లలో పూలతో పాటు కాసేపు తేలి, సుడి దగ్గర ఒకసారి తిరిగి కనపడకుండా పోయింది. మేడం నన్ను కార్డు అడిగి తీసుకుని, ‘కావేరిలో వదిలినారు, ఇంటివాళ్ల ఇష్టం’ అని నిలబడే రాశారు. తిరుగు బస్సులో నోటుబుక్కు తీసి ఆఖరి నియమం రాశారు. కట్ట ఏమైందో రాయాలి, అది లేకుండా పోయినా కార్డు తీసేయకూడదు.

ఆ నియమాలను తమిళంలోకి కూడా మార్చి, నాతో టైపు చేయించి, జెరాక్సులు తీయించి కాలేజీలకూ ఆఫీసులకూ పంపారు. ఒక్కచోటి నుంచి మాత్రం, ఇంగ్లీషులో పంపమని జవాబు వచ్చింది. మిగతావాళ్లు అదీ రాయలేదు. ఆ తర్వాత ఒకసారి చెల్లెలి ఇంటి వాకిట్లో కూర్చుని, నా వైపు చూడకుండా అడిగారు:

“ఆ సార్ చెప్పినట్ల రాసుండాల్సిందేమో గదా పాపా?”

ఆమె చేసింది సరైన పని. దానివల్లే కట్టలన్నీ మా చేయి దాటిపోయాయి. ఈ రెండూ నిజమే.

తర్వాత నాకు పెళ్లయింది, అరూరులో బట్టల కొట్లో పని దొరికింది, ఆమెను చూడటం తగ్గింది. ఆమెకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి ఒకసారి వెళ్లాను. గుర్తుపట్టి సగం పెదవితో నవ్వారు. మళ్లీ వస్తానన్నాను. ఏడాది దాటింది, వెళ్లలేదు.

బస్టాండు నుంచి ఆ రోజు నేరుగా వాళ్లింటికే వెళ్లాను. చెల్లెలు కార్డుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. “నువ్వు తీసుకపో. మా ఇంట్లో ఎవురికీ చదవను రాదు,” అంది. ఆ కార్డుల్లో ఉన్న కట్టల్లో ఇప్పుడు ఎక్కడైనా ఎన్ని మిగిలాయో నాకు తెలీదు.

ఆఖరి రోజుల్లో బాగా కష్టపడ్డారా అని అడిగాను.

“నొప్పేమీ లేదు పాపా. కానీ ఒకటే పని చేస్తా ఉండె. దుప్పటి అంచు పట్టుకుని, బొటనవేలి నుంచి చిటికెనవేలికి, మళ్లీ బొటనవేలికి, ఇట్ల జానలు వేస్తా పోయేది. కొస దాకా వేసి నా మొహం చూసేది. ఏమి కావాలక్కా అంటే చెప్పలేదు. కాసేపు చూసి, మళ్లీ మొదటి నుంచి వేసేది.”

ఏ కట్ట వచ్చినా ముందు దాన్ని జానతో కొలిచి, నేను రాసుకునే దాకా నా మొహం చూస్తూ ఆగేవారు మేడం. ఆమె మంచం ఇంకా ఆ గదిలోనే ఉంది. దుప్పటి ఉతికి తీగ మీద ఆరేశారు. గాలికి దాని అంచు లేచి పడుతోంది.