చెట్టు మీంచి సమ్మెట

నేను తల మీంచి డిస్క్ విసిరితే మా బావకి ఒళ్ళు మంట. ఆయన మా అక్క మొగుడు, ఆదిత్యపూర్‌లో ఒక చిన్న షాపులో వెల్డరు. సిద్ధగోరాలో మా ఇళ్ళ వెనక మైదానంలో ఆదివారం పొద్దున్నే మేమాడే డిస్క్ గోల్ఫ్‌కి బుట్ట చేసింది ఆయనే. నిలబెట్టిన పైపు, పైన పాత సైకిలు రిమ్ము, దానికి చుట్టూ వేలాడే గొలుసులు, కింద ఇనప తట్ట. దూరం నుంచి పళ్ళెంలాంటి డిస్క్‌ని తక్కువ విసుర్లలో ఆ తట్టలో పడేసినవాడు గెలిచినట్టు. ఓడినవాడు సాక్చి బజారు నుంచి తెచ్చిన చేపలు తోమాలి. బజార్లో కోయిస్తే రుచి పోతుందని మా అక్క నమ్మకం.

ఆట నేర్పింది మా మేనకోడలు, కాలేజీలో నేర్చుకొచ్చి. డిస్క్‌ని పొట్ట దగ్గర పట్టుకుని పక్కకి తిప్పి వదలమంది. బావకి మొదటి రోజే వచ్చేసింది. నాది కుర్రతనంలో కంపెనీ డిపార్టుమెంట్ల క్రికెట్ మ్యాచుల్లో ఫాస్ట్ బౌలింగ్ చేసిన చెయ్యి, పక్కకి తిరగమంటే దానికి నామోషీ. నా డిస్క్ ఎప్పుడూ ఎవరి మేడ మీదో ఆరేసిన వడియాల్లో దిగేది. నెలల తరబడి చేపలు నేనే తోమాను. ఒళ్ళంతా పొలుసులు, పైగా పక్కన కుర్చీ వేసుకుని బావ సలహాలు.

ఒకరోజు విసుగెత్తి, డిస్క్ అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, చెవి వెనక్కి ఎత్తి, బంతి వేసినట్టే తల మీంచి విసిరాను. అది నిలువుగా లేచి, పైన బొద్దింకలా వెల్లకిలా తిరిగి, కుడివైపు జారుకుంటూ దిగింది.

"మామా, ఇస్‌కో హ్యామర్ బోల్తే హై!" అని ఆ విసురు పేరు చెబుతూ మేనకోడలు గంతేసింది. హ్యామరంటే సమ్మెట.

"సమ్మెట దెబ్బలు షాపులో కొడతన్నాను, సాల్దేటి? ఇది లెక్కలోకి రాదు," అన్నాడు బావ.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నాకు పట్టుబడ్డ విసురు అదొక్కటే. అదీ తీసేస్తే ఇక నేను మంచినీళ్ళ సీసా మోసేవాణ్ణే. రూల్సులో ఉందని మేనకోడలు ఫోనులో చూపించినా ఆయన వినలేదు. చివరికి పందెం కుదిరింది. నేరేడు చెట్టు వెనక నిలబడి, ఒక్క విసురుతో చెట్టు మీంచి బుట్టలో వెయ్యాలి. పడితే సమ్మెట ఉంటుంది, ఆ రోజు చేపలు ఆయనే తోమాలి. పడకపోతే నేను జన్మలో చెయ్యెత్తకూడదు.

పందెం నాటి ఆదివారం మేనకోడలికి పరీక్షలు, ఇద్దరమే వెళ్ళాం. నేను చెయ్యెత్తితే బావకి దగ్గు వచ్చేది, దించితే తగ్గేది. ఇంతలో ఒక ఆవు మా సంచిలో తలదూర్చి మరమరాలు తినడం మొదలెట్టింది. "హట్! హట్!" అంటూ బావ అటు పరిగెత్తాడు. దగ్గు లేని ఆ క్షణాన్ని వదులుకోబుద్ధి కాలేదు. ఎలాగూ కుడికి జారుతుంది కనక బుట్టకి బాగా ఎడమగా చూసి విసిరేశాను. డిస్క్ కొమ్మలు దాటి, వెల్లకిలా తిరిగి, ఆకుల అవతల మాయమైంది. గొలుసులు ఝల్లుమన్నాయి.

పరిగెత్తి చూస్తే డిస్క్ తట్టలో ఉంది. గట్టిగా కేక వెయ్యబోయి ఆగిపోయాను. చూసిందెవరు? ఆవుకి మరమరాలు తప్ప ఏమీ పట్టలేదు. బావ అటు తిరిగి ఉన్నాడు. నడిచొచ్చి చేత్తో పెట్టానంటే నేనేం చెప్పగలను? ఆయన చోట నేనుంటే కచ్చితంగా అదే అనేవాణ్ణి.

"బావా, పడింది. ఒట్టు," అన్నాను, ఆయన దగ్గరికి రాగానే.

ఆయన ఇంకా ఊగుతున్న గొలుసుని వేలితో ఆపాడు.

"ఒట్టెందుకురా? సేత్తో పెడితే అలా మోగదు. ఆ గొలుసులు అతికింది నేను, దాని సప్పుడు నాకు తెల్దేటి?"

ఆయన మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో. ఆ క్షణంలో మా బావంత మంచివాడు లోకంలో లేడనిపించింది.

మధ్యాహ్నం ఆయన కత్తిపీట ముందు చతికిలబడ్డాడు. నేను కుర్చీ తెచ్చుకుని పక్కనే వేసుకున్నాను. సలహాలు నోటి దాకా వచ్చాయి. ఇంతలో ఆయన పొలుసులంటిన చేత్తోనే నుదురు తుడుచుకుని, తలెత్తకుండా అడిగాడు.

"వచ్చే వారం నాకూ నేర్పుతావేట్రా?"

"ఏటి, చేపలు తోమడమా?"

"కాదురా. సమ్మెట."