కువబారా కాపలా

జపాన్‌లోని కోబె పట్నానికి బాస్కెట్‌బాల్ కొత్తగా వచ్చిన రోజుల్లో పదిమందీ ఒకే బంతి మీద పడేవాళ్లు. "అట్లా కాదురా, ఎదుటి జట్టులో తలా ఒకణ్ణి పట్టుకోండి. నీడలా వెంటే ఉండండి" అన్నాడు కెప్టెన్ ఇనుజుకా. బట్టలకొట్టు గుమాస్తా కువబారాకు అది వేదవాక్కు. చేతులు బార్లా చాచి అడ్డం నిలిచేవాడు. అడ్డుకున్నప్పుడల్లా "క్షమించండి" అని నడుం వంచేవాడు. మూడేళ్లుగా తమను ఓడిస్తున్న ఒసాకా వాళ్లతో ఆట మధ్యలో, అతను పట్టుకున్నవాడు కడుపునొప్పితో మైదానం దాటి పరుగెత్తాడు. కువబారా వెంటే పోయి, మరుగుదొడ్డి తలుపు ముందు చేతులు చాచి నిలబడ్డాడు.

"అయ్యా, ఇంకా ఉన్నారా?" అంది లోపలి గొంతు.

"ఉన్నానండీ. మీరు నిదానంగా కానివ్వండి."

అక్కడ ఒసాకా వాళ్లు బదులు దించినవాడు, అడ్డుకునేవాడే లేకపోయేసరికి, ఆరు బంతులు బుట్టలో వేశాడు. ఆట పోయింది. ఇనుజుకా అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. కువబారా మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, "నావాడు మాత్రం ఒక్కటీ వెయ్యలేదండీ" అన్నాడు.