వాసన చూడకూడని గులాబీ

మొన్న మా కోడలు గులాబీ మొక్క కొంటానంటే నంద్యాలలో ఒక నర్సరీకి తోడు వెళ్లాను. ఎర్రవి, పసుపువి, రెండు రంగులు కలిసినవి, ఒక్కొక్క పువ్వు గుప్పెడంత ఉంది. నేను ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంటే నర్సరీ ఆయన నవ్వి, "వాసనుండదమ్మా వీటికి, పూలు మాత్రం వారం నిలుస్తాయి" అన్నాడు. లేత రంగులో గుత్తులు గుత్తులుగా పూసే తీగ గులాబీ, వీధిలో పోయేవాళ్లకు కూడా వాసన తగిలేది, అలాంటిది దొరుకుతుందా అని అడిగితే, దాని పేరేమిటన్నాడు. మా ఇంట్లో దానికెవరూ పేరు పెట్టలేదు. పేరు తెలియకుండా ఎట్లా వెతకాలమ్మా అని ఆయన అన్న మాటలో తప్పేమీ లేదు. అయినా నేను చిటపటలాడుతూ బయటికి వచ్చేశాను. ఆ కోపం ఆయన మీద కాదు. అది యాభై ఏళ్ల కిందటిది, ఇంకా చల్లారలేదు.

ఆళ్లగడ్డలో మాది పాత మట్టి మిద్దె. మా అమ్మ కాపురానికి వచ్చిన మరుసటి ఏడు, రుద్రవరంలో తన పుట్టింటి చెట్టు నుంచి జానెడు కొమ్మ కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. అంట్లు తోమే చోటి పక్కన నాటింది. బియ్యం కడిగిన నీళ్లు, గొర్రెల ఎరువు, తీగలు కట్టడానికి పాత చీరలు చింపిన పేలికలు, ఇవే దానికి దక్కిన వైభోగం. తీగను నిలువుగా పోనిస్తే కొనలో నాలుగు పూలు పూసి ఊరుకుంటుందనీ, అడ్డంగా వంచి కడితే కణుపు కణుపుకీ మొగ్గ తొడుగుతుందనీ అమ్మకు తెలుసు. మిద్దె మెట్ల వెంబడి మేకులు కొట్టి, ముళ్లు చేతులంతా గీరుకుపోతున్నా, ఒక్కో తీగనూ ఓపికగా వంచి కట్టేది. నాకు ఊహ తెలిసేనాటికి అది మెట్ల పక్క గోడనంతా కప్పేసి మిద్దె మీదికి పాకింది. చలికాలంలో మా ఇల్లు ఏదని అడిగితే, వాసన వచ్చే ఇల్లని చెప్పేవాళ్లు.

ఇంత చేసి ఆ చెట్టు మీద అమ్మకు దక్కిన హక్కు నీళ్లు పోయడం వరకే. నాకు నాలుగైదేళ్ల వయసులో మా నాయనకు విషజ్వరం వస్తే మా జేజి, అంటే నాయన తల్లి, కొడుకు బతికితే ఇంట్లో పూసిన ప్రతి పువ్వూ వీధి చివరి గుళ్లో స్వామికే అని మొక్కుకుంది. నాయన బతికాడు. నాటిందీ పెంచిందీ ఒకరు, మొక్కింది మరొకరు. అమ్మను ఒక్క మాట అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. ఆనాటి నుంచి అమ్మ తెల్లవారుజామునే స్నానం చేసి పూలన్నీ కోసి బుట్టలో పెడితే, జేజి ఆ బుట్ట చంకన పెట్టుకుని గుడికి పోయేది. ఊళ్లో అందరూ అవి జేజి పూలనే చెప్పుకునేవారు, ఆమె కూడా కాదనేది కాదు.

స్వామికి పోయే పువ్వు వాసన చూడకూడదు, చూస్తే అది ఎంగిలి. ఇది మీలో చాలామంది ఇళ్లలో ఉన్న కట్టడే. కానీ మీ ఇళ్లలో దేవుడికి కొన్ని పోను ఇంట్లోవాళ్లకు కొన్ని మిగిలి ఉంటాయి. మా ఇంట్లో అన్నీ దేవుడివే కాబట్టి మేము ఆ చెట్టు పక్కనుంచి నడిచేటప్పుడు ఊపిరి బిగబట్టి నడవాలి. గాలికి దానంతట అది వస్తే తప్పులేదు గానీ ముక్కు దగ్గరికి పోతే వీపు విమానం మోత మోగేది. అంత వాసన గల పువ్వును పెరట్లో పెట్టుకుని ముక్కు మూసుకుని పెరిగిన పిల్లలం మేము. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

నాకు పదేళ్లప్పుడు, డెబ్బై మూడో డెబ్బై నాలుగో సంవత్సరం, మాఘమాసంలో మా పిన్ని పెళ్లి కుదిరింది. పుట్టింట్లో చెల్లెలి పెళ్లి. ఆ పుట్టింటి నుంచి వచ్చిన చెట్టు పూలు తలలో పెట్టుకుని పోవాలని అమ్మకు ఆశ. అమ్మ నోరు తెరిచి ఏదైనా కావాలని అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే. ముందురోజు సాయంత్రం చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"పది పూలత్తా. రేపు ఒక్కనాడే."

"దేవునికి మొక్కిన పూలు కొప్పులో పెట్టుకొని ఊరేగుతావా? అంగట్లో కనకాంబరాలు ఉండాయి, కొనుక్కోపో" అంది జేజి. నాయన అక్కడే కూర్చుని పలుపుతాడు పేనుకుంటూ, చెవిన పడనట్టు ఉండిపోయాడు. ఏ మనిషి ప్రాణం కోసమైతే ఆ పూలన్నీ పోతున్నాయో ఆ మనిషి ఒక్క మాట అనలేదు. జేజిని క్షమించిన రోజులున్నాయి గానీ ఆ మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు అమ్మ ఎక్కడ పది పూలు దాచుకుంటుందో అని జేజి తనే బుట్ట పట్టుకుని చెట్టు కిందికి వచ్చింది. అమ్మ లోపల పెట్టె సర్దుతోంది. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు ఆ తెగువ. గబగబా మిద్దె మెట్లెక్కి, పై మెట్టు నుంచి మొదలుపెట్టి, ఒక్కో పువ్వునూ రెండు చేతులతో పట్టుకుని, ముక్కు అందులో దూర్చి, గట్టిగా పీల్చుకుంటూ కిందికి దిగసాగాను. జేజి మొదట నేను కోస్తున్నాననుకుంది.

"ఏం చేస్తాండావే ఆడ?"

"వాసన చూస్తాండా."

నా లెక్క సూటిగానే ఉంది. ఎంగిలైన పూలు దేవుడికి పనికిరావు. దేవుడికి పనికిరానివి అమ్మకు వస్తాయి. జేజి మెట్లెక్కి నన్ను పట్టుకోలేక కింద నిలబడి శాపనార్థాలు పెడుతుంటే, నేను ఒక్కటి కూడా వదలకుండా అన్నీ చూసి, గెలిచినదానిలా కిందికి దిగాను. కేకలు విని అమ్మ బయటికి వచ్చింది. సంగతి విన్నది. నేరుగా నా దగ్గరికి వచ్చి చెంప ఛెళ్లుమనిపించింది. తర్వాత మెట్లెక్కి పూలన్నీ తనే కోసి, కొంగులో పోసుకుని, పెరటి వెనక పెంటదిబ్బ మీద కుమ్మరించి వచ్చింది. పెళ్లికి అంగడి కనకాంబరాలే పెట్టుకుంది. బస్సులో నేను అమ్మ పక్కన కూర్చోలేదు.

ఆ దెబ్బ నన్ను చాలా దూరం తరిమింది. చదువుకున్నాను, ఎనభైల నడుమ నంద్యాలలో ఉద్యోగంలో చేరాను, ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాను. కోపమెంత ఉన్నా ఆ చెట్టును వదులుకోలేక ఆళ్లగడ్డ నుంచి ఒక కొమ్మ తెచ్చి గేటు పక్కన నాటి, అమ్మ కట్టినట్టే అడ్డంగా వంచి కట్టాను. అప్పటికి జేజి పోయి రెండేళ్లయింది. అయినా అమ్మ పూలన్నీ గుడికి పంపుతూనే ఉంది. ఇప్పుడైనా పెట్టుకోవచ్చు కదా అంటే, అలవాటైపోయిందిలే అనేది.

నా చెట్టు మొదటిసారి గుత్తులు పూసినప్పుడు అమ్మ కళ్లు చూపించుకోవడానికి నా దగ్గరికి వచ్చి ఉంది. ఉదయం ఒక పువ్వు కోసి ఆమె చేతిలో పెట్టి, ఇది దేవుడిది కాదు, నాది, వాసన చూడు అన్నాను. నా గొంతులో పొగరు ఉండే ఉంటుంది. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"అదే వాసన. ఏం మారలా" అంది.

"నీకెట్ల తెలుసమ్మా?"

"రోజూ చూసేదాన్ని గదా. పొద్దున్నే కోసేటప్పుడు ఒక్కొక్కటే చూసి బుట్టలో ఏసేదాన్ని. ఒక్కటి గూడా ఇడిచిపెట్టలా."

జేజి అంత నిష్ఠగా మోసుకుపోయిన బుట్టలో ఏ ఒక్కనాడూ ఎంగిలి కాని పువ్వు లేదన్నమాట. మరొకరైతే నవ్వేవారేమో. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"మరి నన్నెందుకు కొడితివి?"

అమ్మ పువ్వును వేళ్ల మధ్య తిప్పుతూ, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు చెప్పింది.

"నువ్వు అందరి ముందర చూస్తివి."

ఆ తర్వాత ఆమె ఉన్న నాలుగు రోజులూ నేను ముక్తసరిగానే మాట్లాడాను. తను దొంగతనంగా దక్కించుకున్నదాన్ని నేను బాహాటంగా అడిగినందుకు కన్నతల్లే కొట్టిందని నా కడుపుమంట. తన చాటు సుఖం బయటపడుతుందేమోనని ఆమె భయపడి ఉంటుందనీ, ఆ చాటు తప్ప ఆమెకు మిగిలింది లేదనీ నాకు అప్పుడు తట్టలేదు. ఆమె ఊరికి వెళ్లిపోయాక ఆ చెట్టును చూస్తేనే చిర్రెత్తేది. ఆ ఎండాకాలం దానికి నీళ్లు పోయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే పోయలేదు. నంద్యాల ఎండ సంగతి మీకు తెలిసిందే, జూన్ వానలకు ముందే అది కట్టెపుల్లయింది. అదే ఏడు ఆళ్లగడ్డలో నాయన మట్టి మిద్దె పడగొట్టి స్లాబు ఇల్లు కట్టించాడు. మెట్లతోపాటు అక్కడి చెట్టూ పోయింది. నీ దగ్గర ఉంది కదా, అది చాలులే అని అమ్మ కార్డు రాసింది. నా దగ్గర లేదని ఆమె పోయేదాకా నేను చెప్పలేదు. రుద్రవరంలో అమ్మమ్మ ఇల్లు అంతకుముందే చేతులు మారింది.

ఇప్పుడు మా కోడలు గులాబీ పెట్టుకోవాలన్నా, మానుకోవాలన్నా అడిగే అత్త లేదు. అత్తను నేనే, నేను అడగను. అంతవరకు బాగుపడ్డాం, ఆ మాట ఒప్పుకోవాలి. ఆమె ఆ రోజు నర్సరీలో కొన్న ఎర్ర గులాబీ ఇప్పుడు మా వరండాలో కుండీలో ఉంది. నిన్న ఉదయం మొదటి పువ్వు విచ్చింది. వాసన ఉండదని తెలిసే దాని దగ్గరికి వెళ్లాను. ముఖం దానికి ఆనించబోయి, ఆగి, వెనక ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తిరిగి చూశాను. అరవై దాటిన దాన్ని, నా ఇంట్లో, నా వరండాలో. ఎవరూ లేరు. నా మీద నాకే మండుకొచ్చింది. అయినా వంగి వాసన చూశాను. నీళ్ల వాసన తప్ప ఏమీ లేదు.